అది తెల్లమద్దే, కానీ బెరడుతో ఆగకుండా కాయ చూసి తేల్చుకోండి

మీరు రాసినదాన్ని ముందుగా ఒకచోట పెడతాను, తరువాత చదివేవారికీ తెలియాలి కదా. బెంగళూరులో సర్జాపురం రోడ్డు వైపు మీ ఇంటి వెనక ఒక చెరువు ఉంది. దానిలోకి నీరు తెచ్చే రాజకాలువె, అంటే వాననీటి పెద్ద కాలువ, ఒడ్డున, తెల్లని నున్నని బోదెతో ఒక పెద్ద మాను ఉంది. మీ వాచ్‌మన్ దాన్ని ‘మత్తి’ అన్నాడు. పక్కింటి తమిళాయన ‘మరుదు’ అన్నారు. ఊరి నుంచి వచ్చిన మీ నాన్నగారు చూడగానే ‘మద్ది’ అన్నారు. ఫోనులోని యాప్ ఒకసారి జామ అనీ, మరోసారి నీలగిరి అనీ చూపింది. చెరువు పనులకు అడ్డొస్తున్న చెట్ల జాబితాలో దీన్ని ‘నీలగిరి’ అని రాసి, బోదె మీద ఎర్ర రంగుతో అంకె వేశారు. ఈలోగా ఎవరో నీళ్లు వస్తాయేమోనని కత్తితో గాటు పెట్టారు. నాన్నగారేమో గుండెకు మంచిదని కొంచెం బెరడు ఒలుచుకు రమ్మంటున్నారు. ఇది ఏ చెట్టు, ఖాయంగా ఎలా తేల్చుకోవాలి, బెరడు వాడవచ్చా, చెట్టును నిలబెట్టే దారి ఉందా అన్నవి మీ ప్రశ్నలు.

మీ నాన్నగారు చెప్పింది సరైనదే. అది మద్ది, అందులోనూ తెల్లమద్ది. మన వైపు ఏరుమద్ది అని కూడా అంటారు. శాస్త్రీయ నామం టెర్మినేలియా అర్జున. మీరు పెట్టిన నాలుగు ఫోటోలలో నన్ను ఒప్పించింది బోదె ఫోటో మాత్రం కాదు. చివరి ఫోటోలో మీ చెప్పుల పక్కన నేల మీద ఎండి పడి ఉన్న గోధుమరంగు కాయలు కనిపిస్తున్నాయి చూడండి, వాటిని పెద్దది చేసి చూశాకే ఈ మాట రాస్తున్నాను. అయితే నా మాట మీద ఆధారపడి మీరు అధికారుల దగ్గరికి వెళ్లవద్దు. చెట్టు దగ్గరికి మరొకసారి వెళ్లి మీ కళ్లతో చూసి, మీ చేతితో పట్టుకుని తేల్చుకోండి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాచ్‌మన్, పక్కింటాయన, నాన్నగారు ముగ్గురూ ఒకే కుటుంబాన్ని చెప్పారు. కానీ ముగ్గురూ సగం పేరే చెప్పారు. కన్నడంలో హొళెమత్తి వేరు, కరిమత్తి వేరు. తమిళంలో నీర్‌మరుదు వేరు, కరుమరుదు వేరు. తెలుగులో తెల్లమద్ది వేరు, నల్లమద్ది వేరు. ఈ మూడు జంటల్లోనూ మొదటిది నీటి ఒడ్డున పెరిగేది, రెండవది అడవి వాలుల మీద పెరిగే నల్ల బెరడు చెట్టు. కాబట్టి ‘మద్ది’ అని వినగానే పని అయిపోలేదు, ఏ మద్ది అన్నది ఇంకా మిగిలే ఉంది.

ఇక గుర్తుపట్టడం. అందరి చూపూ మొదట బోదె మీదే పడుతుంది. పడాలి కూడా, ఎందుకంటే అంత అందమైన బోదె మన చెట్లలో తక్కువ. బూడిద తెలుపు, లేత ఆకుపచ్చ, అక్కడక్కడ లేత గులాబీ కలిసిన రంగు. పై పొర పలచని, వెడల్పాటి పలకలుగా ఊడి రాలుతుంది. రాలిన చోట కొత్త పొర నున్నగా, ఇంకా లేత రంగులో బయటపడుతుంది. ముదిరిన చెట్టుకు మొదలు దగ్గర బోదె గుండ్రంగా ఉండదు. వేళ్లు దిగే వైపుకు గోడల్లా ఉబ్బి, మధ్యలో లోతైన గాడులు పడి ఉంటుంది. మీ ఫోటోలో ఆ ఉబ్బులు స్పష్టంగా ఉన్నాయి. యాప్ జామ అని చూపడానికి కారణం కూడా ఈ బెరడే. జామ మాను కూడా ఇలాగే పలకలుగా ఊడి నున్నగా ఉంటుంది. కానీ ఎనభై అడుగుల జామచెట్టు ఉండదు.

నీలగిరితో పొరపాటు పడటం మాత్రం బెంగళూరులో అర్థం చేసుకోదగినదే. ఈ నగరం చుట్టూ నీలగిరి తోపులు అంత ఎక్కువ. దూరం నుంచి చూస్తే అదీ తెల్లగా నిటారుగా ఉంటుంది, బెరడూ ఊడుతుంది. రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. ఆకు తెంచి నలపండి. నీలగిరి అయితే ఆ ఘాటైన తైలపు వాసన దాగదు, తెల్లమద్ది ఆకుకు అలాంటి వాసన ఏమీ ఉండదు. ఎదిగిన నీలగిరి ఆకు సన్నగా, కొడవలిలా వంగి వేలాడుతుంది. మద్ది ఆకు వెడల్పాటి కోల ఆకారం. నీలగిరి చెట్టు కింద గింజంత చిన్న గట్టి గుత్తికాయలు దొరుకుతాయి, మద్దికి ఉన్నట్టు రెక్కలున్న కాయ ఎన్నటికీ దొరకదు.

తెల్లని బోదె ఉన్న చెట్లు ఇంకా ఉన్నాయి. రామనగరం బండల వైపు వెళితే రాతి గుట్టల మీద తెల్లగా మెరిసే తపసి మానులు కనిపిస్తాయి. కరాయా అనే తపసి జిగురు ఇచ్చేది అదే. దాని బెరడు కూడా పలచగా ఊడుతుంది, కానీ అది ఎండిన రాతి నేల చెట్టు, ఆకు అరచేతిలా పాయలుగా చీలి ఉంటుంది. పడమటి కనుమల వైపు వెళ్లేవారికి ‘నంది’ అని కన్నడిగులు పిలిచే చెట్టు తారసపడుతుంది. అదీ నున్నని లేత బోదెతో తెల్లమద్దిని బాగా పోలి ఉంటుంది. కానీ దాని కాయ పండి పగిలి గింజలు చల్లే చిన్న గుళిక, దానికి రెక్కలుండవు. ఇన్ని పోలికలు ఉన్నందుకే బెరడును నేను పరిచయంగా తీసుకుంటాను, సాక్ష్యంగా తీసుకోను.

నల్లమద్దితో మాత్రం బెరడు దగ్గరే తేడా తెలిసిపోతుంది. దాని బెరడు ముదురు బూడిద నుంచి నలుపు దాకా ఉండి, నిలువుగా అడ్డంగా లోతుగా చీలి, మందపాటి చదరాలుగా ఉంటుంది. మొసలి చర్మం చెట్టు అని దాన్ని ఇంగ్లీషులో పిలవడానికి ఇదే కారణం. దగ్గరి బంధువులైన రెండు చెట్ల తోలు ఇంత భిన్నంగా ఎందుకు ఉందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. నల్లమద్ది ఆకురాల్చే అడవుల్లో, ఎండాకాలం నిప్పు పాకే వాలుల మీద నిలబడాలి. ఆ మందపాటి బెరడు లోపలి జీవకణాలకు నిప్పు సెగ తగలకుండా కాపాడుతుంది. తెల్లమద్ది ఏటి ఒడ్డున తడి నేలలో ఉంటుంది, అక్కడికి నిప్పు అరుదుగా వస్తుంది. అంత మందపాటి కవచం దానికి అవసరం పడలేదు. అడవిలో తిరిగినప్పుడు వాలు దిగి వాగు దగ్గరికి వస్తుంటే నల్ల బోదెలు తగ్గి తెల్ల బోదెలు మొదలవుతాయి. ఆ మార్పు చూసి నీరు దగ్గరలో ఉందని చెప్పవచ్చు.

ఇప్పుడు ఆకు. మీరు పెట్టిన ఆకు ఫోటో పైవైపుది, దానితో ఎవరూ ఏమీ చెప్పలేరు. మద్ది ఆకును తిప్పి చూడాలి. ఆకు పది నుంచి ఇరవై సెంటీమీటర్ల పొడవుంటుంది, తొడిమ పొట్టి. ఆకులు కొమ్మ మీద దాదాపు ఎదురెదురుగా ఉంటాయి, కానీ సరిగ్గా ఎదురెదురుగా కాకుండా ఒకటి కాస్త పైకి జరిగి ఉంటుంది. తొడిమ వచ్చి ఆకును కలిసే చోట, ఇరుపక్కలా ఆవగింజంత బుడిపెలు రెండు కనిపిస్తాయి. ఒక్కోసారి ఒకటే ఉంటుంది. అవి తీపి ద్రవం ఊరే గ్రంథులు. లేత ఆకుల దగ్గర చీమలు తిరుగుతుంటే వాటి కోసమే. నల్లమద్దికి కూడా గ్రంథులు ఉంటాయి, కానీ అవి తొడిమ చివర కాకుండా ఆకు అడుగున నడిమి ఈనె మీద, మొదలుకు కాస్త పైన, చిన్న కాడ మీద నిలబడినట్టు ఉంటాయి. పైగా నల్లమద్ది లేత ఆకును వేలితో రాస్తే నూగు తగులుతుంది. పది రూపాయల భూతద్దం చాలు, ఇంకే పరికరమూ అవసరం లేదు. ఒక ఆకు చూసి ఆగవద్దు. వేర్వేరు కొమ్మల నుంచి రాలిన పది ఆకులైనా తిప్పి చూడండి.

మీ ఫోటోలోని ఆకు మీద ఉబ్బిన బొడిపెలను చూసి చెట్టుకు రోగం వచ్చిందేమో, అందుకే కొట్టేస్తున్నారేమో అని అడిగారు. ఆ బొడిపెలు గాల్స్, అంటే ఒక చిన్న పురుగు వల్ల ఆకు ఉబ్బి ఏర్పడేవి. మద్ది ఆకుల మీద ఇవి సర్వసాధారణం. ఆకు తినే పట్టుపురుగులకు మేత చెడిపోతుందని దసలి (టస్సర్) పట్టు రైతులు వీటిని గురించి బెంగపడతారు. మనవైపు తెలంగాణలోని మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టు పండించేది ఈ మద్దుల మీదే కదా. అంతేగానీ ఇంత పెద్ద మాను ఆ బొడిపెల వల్ల చావదు. రోగం పేరుతో ఈ చెట్టును జాబితాలో చేర్చి ఉంటే అది నిలవదు.

పువ్వు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది ఎత్తున ఉంటుంది, కొద్ది వారాలే ఉంటుంది. వేసవిలో కంకులుగా, పాలిపోయిన పసుపు రంగులో పూస్తుంది. రేకులు ఉండవు, కనిపించేదంతా కేసరాలే. తేనెటీగల రొద వినబడితే తల ఎత్తి చూడండి.

అసలు విషయం కాయలో ఉంది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

చెట్టు కింద ఎండిన కాయలు దాదాపు ఎప్పుడూ దొరుకుతాయి, ఎందుకంటే అవి కట్టెలా గట్టిగా, పీచుతో ఉండి తొందరగా కుళ్లవు. పొడవు రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్లు. కాయ చుట్టూ నిలువుగా ఐదు రెక్కలు ఉంటాయి, ఒక్కోసారి ఆరేడు కూడా ఉండవచ్చు. అడ్డంగా కోస్తే స్టార్‌ఫ్రూట్ ముక్కలా ఉంటుంది. ఇక్కడిదాకా చూసి చాలామంది సంతృప్తి పడిపోతారు. కానీ నల్లమద్ది కాయకు కూడా ఐదు రెక్కలే. కాబట్టి రెక్కలు లెక్కపెట్టడంతో పని కాదు. ఒక రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని దాని మీది గీతలను చూడండి. తెల్లమద్ది కాయలో గీతలు మధ్య నుంచి బయలుదేరి, అంచు వైపు పోతూ ఏటవాలుగా పైకి వంగుతాయి. నల్లమద్ది కాయలో రెక్క మరింత వెడల్పుగా ఉంటుంది, గీతలు మధ్య నుంచి అంచు దాకా అడ్డంగా తిన్నగా పోతాయి. ఇంత చిన్న తేడాయే. కానీ చెట్టు వయసు మారినా, నేల మారినా, బెరడు రంగు మారినా ఈ తేడా మారదు. అందుకే నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ముందు కాయే పెడతాను.

ఈ ఐదు రెక్కలే శాస్త్రవేత్తల కంటా పడ్డాయి. ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1780లలో మొక్కల మీద పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తెల్లమద్దినీ నల్లమద్దినీ పెంటాప్టెరా అనే ప్రజాతిలో పెట్టాడు. ఐదు రెక్కలది అని దాని అర్థం. తరువాత 1834లో వైట్, ఆర్నాట్ అనే వృక్షశాస్త్రవేత్తలు తెల్లమద్దిని టెర్మినేలియా ప్రజాతిలోకి మార్చారు. రాక్స్‌బర్గ్ మన నేల మీద తిరిగినవాడు కాబట్టి, మన ఏటి ఒడ్డు చెట్టు తొలి వర్ణనలో మన ప్రాంతానికీ కొంత వాటా ఉందని నాకు గర్వంగా ఉంటుంది.

ఇదే టెర్మినేలియా ప్రజాతిలో మీకు తెలిసిన మరికొన్ని చెట్లు ఉన్నాయి, వాటితో గందరగోళం పడకండి. బాదం చెట్టు కొమ్మలు అంతస్తులుగా పరుచుకుంటాయి, కాయ చదునుగా ఉంటుంది. తాని ఆకులు కొమ్మల చివర గుంపుగా, పొడవాటి తొడిమలతో ఉంటాయి, కాయ గుండ్రంగా నూగుతో ఉంటుంది. కరకకాయకు రెక్కలు లేవు, ఎండాక నిలువుగా తేలే పలచని గట్లే. పడమటి కనుమల వైపు పూలమద్ది ఉంది. దాని కాయకు మూడు రెక్కలు, అందులో ఒకటి మిగతా రెండింటికంటే బాగా పెద్దది. కాయ కాసినప్పుడు చెట్టంతా ఎర్రబారి కనిపిస్తుంది. బెంగళూరు చెరువు ఒడ్డున అది ఎదురయ్యే అవకాశం తక్కువ.

బెరడు, ఆకు, కాయ మూడూ చూశాక నాలుగో సాక్ష్యం స్థలం. తెల్లమద్ది సహజంగా పెరిగేది ఏళ్లు, వాగుల ఒడ్డున. వరద వచ్చి మొదలు మునిగినా తట్టుకుంటుంది. తేలికైన ఆ రెక్కల కాయలు నీటిలో కొట్టుకుపోయి దిగువన ఒడ్డు పట్టి మొలుస్తాయి. నగరం లోపల కనిపించేవి ఎక్కువగా నాటినవే. లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో పాత మానులు ఉన్నాయి. పోల్చి చూడటానికి ఒక ఉదయం లాల్‌బాగ్ వెళ్లండి. అక్కడ చాలా చెట్లకు పేరు పలకలు ఉంటాయి కాబట్టి కొత్తవారికి అంత మంచి బడి మరొకటి లేదు.

కానీ ఈ చెట్టు నిజంగా ఎలా బతుకుతుందో చూడాలంటే కావేరి దగ్గరికి వెళ్లాలి. కనకపుర దాటి అర్కావతి కావేరిలో కలిసే సంగమం దగ్గర, అలాగే ముత్తత్తి, భీమేశ్వరి వైపు, నది ఇరువైపులా తెల్లమద్దులే. నీటి మీదికి వంగి, వేళ్లతో ఒడ్డు మట్టిని పట్టుకుని నిలబడి ఉంటాయి. చుట్టూ గుట్టలన్నీ ఎండి ముళ్లపొదలతో ఉన్నా నది వెంట మాత్రం పచ్చని గీత కనిపిస్తుంది. ఆ గీతకు కారణం ప్రధానంగా ఈ చెట్లే. బూడిదరంగు పెద్ద ఉడుత అనే అరుదైన జీవి కావేరి అభయారణ్యంలో ఎక్కువగా ఈ మానుల మీద గూళ్లు కట్టుకుంటుంది. కొమ్మలు ఒకదానికొకటి తగిలి ఉంటేనే అది నేలకు దిగకుండా చెట్టు నుంచి చెట్టుకు పోగలదు. మధ్యలో నాలుగు మానులు పోతే దానికి దారి తెగినట్టే.

మన పెద్దలకు ఈ చెట్టుతో ఉన్న పరిచయం కూడా నీటి పక్కదే. రోలుకు కట్టిన కృష్ణుడు కూల్చిన జంట మద్దులు యమున ఒడ్డు గోకులంలోవి. ఏలూరు జిల్లా గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి వెలసింది మద్ది చెట్టు తొర్రలో, ఎర్రకాలువ పక్కన. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రులలో అర్జున పత్రం ఒకటి. కె.ఆర్. మార్కెట్‌లో ఆ రోజు అమ్మే పత్రి కట్టల్లో చేతికందిన ఆకులన్నీ కలిపి ఉంటాయి. ఈసారి కట్ట కొన్నప్పుడు ఆకు తిప్పి, తొడిమ దగ్గర రెండు బుడిపెలు ఉన్నాయేమో చూడండి. పిల్లలతో కలిసి చూస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు ఆ కత్తి గాటు విషయం. నాకు చాలా బాధ కలిగించినది ఇదే. 2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ అధికారులు ఒక చెట్టు బోదె మీద ఉబ్బిన చోట కోయగా నీరు ధారగా వచ్చిన వీడియో మీరు చూసే ఉంటారు. అది నల్లమద్ది. ఆ చెట్టు వేసవిలో నీరు దాచుకుంటుందని అక్కడి కొండరెడ్లకు తరతరాలుగా తెలుసు, అధికారులకు చెప్పినవారు కూడా వారే. ఏ చెట్టులో నీరు ఉంటుందో, ఎక్కడ ఉబ్బితే ఉంటుందో తెలిసినవారు అవసరమున్నప్పుడు మాత్రమే ముట్టుకుంటారు. ఆ వీడియో చూసి నగరంలో ‘మద్ది’ అని పేరు వినబడిన ప్రతి చెట్టుకూ గాటు పెట్టడం తెలివితక్కువతనం. మీ చెట్టు తెల్లమద్ది. ఆ గాటు వల్ల నీరు రాలేదు, పుండు మాత్రం పడింది. ఆ పుండుకు సున్నం, పేడ, తారు ఏదీ పూయకండి. ఊడి వేలాడుతున్న బెరడు ముక్కను మాత్రం పదునైన కత్తితో శుభ్రంగా తీసేసి వదిలేయండి. చుట్టూ బెరడు బతికి ఉంటే అంచుల నుంచి అదే పూడ్చుకుంటూ వస్తుంది.

బెరడు మందు సంగతికి వస్తాను. గుండె జబ్బులకు అర్జున బెరడును వాడటం ఆయుర్వేదంలో చాలా పాత పద్ధతి. అర్జునారిష్టం, పాలలో కాచిన అర్జున కషాయం ఇప్పటికీ వైద్యులు ఇస్తున్నారు. నేను దాన్ని కాదనడం లేదు. కానీ మీ నాన్నగారికి మూడు మాటలు చెప్పండి. ఒకటి, రక్తపోటుకో, రక్తం పలచబడటానికో ఇప్పటికే మందు వాడుతుంటే, తన డాక్టరుకు చెప్పకుండా ఈ కషాయం మొదలుపెట్టకూడదు. పాత మందు మానేయడం అసలే కూడదు. రెండు, మీ చెరువులోకి వస్తున్నది వాన నీరు ఒక్కటే కాదని మీరే రాశారు. మురుగు కలిసే కాలువ పక్కన దశాబ్దాలుగా నిలబడి, దుమ్ము పట్టిన చెట్టు బెరడును మందుగా తీసుకోవడం నాకు అంగీకారం కాదు. మూడు, పచారీ కొట్లో ‘అర్జున బెరడు’ అని అమ్మే పొడిలో ఇతర మద్దుల బెరడు కలవడం కొత్త సంగతి కాదు. పొడిగా చేశాక కంటితో తేడా కనిపెట్టలేం. వాడాలనుకుంటే అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుని దగ్గరికే వెళ్లమనండి.

బెరడు ఒలవడం గురించి ఇంకొక్క మాట. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. బోదె చుట్టూ వలయంగా ఒలిచేస్తే ఆ దారి పూర్తిగా తెగిపోతుంది. పైన ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి, వేళ్లు మాత్రం ఆకలితో చనిపోతాయి, ఆ తరువాత చెట్టంతా ఎండుతుంది. ఆలయాల పక్కన, దారుల పక్కన ఇలా మందు కోసం చుట్టూ ఒలిచేయగా ఎండిన తెల్లమద్దులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బెరడు సేకరించడం తెలిసినవారు నిలువుగా సన్నని పట్టీ మాత్రమే, అదీ లోపలి పొరను వదిలి, ఒక వైపు నుంచే తీస్తారు. అది మళ్లీ కట్టుకున్నాకే రెండో వైపుకు వెళతారు. మీ చెట్టుకు ఇప్పటికే ఒక గాటు ఉంది. దాన్నుంచి ఇప్పుడు ఏమీ తీయవద్దు.

ఇక ఆ ఎర్ర అంకె. ఇక్కడే పేరు తప్పు పడటం ప్రాణాంతకం అవుతుంది. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది. దాని ప్రకారం వృక్షాధికారి అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. అయితే నీలగిరి, సరుగుడు వంటి కొన్ని తోట జాతులకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. జాబితాలో ఈ చెట్టు ‘నీలగిరి’గా ఉన్నంతకాలం ఎవరూ అనుమతి అడగవలసిన పని ఉండదు. ‘తెల్లమద్ది’ అని మారితే అడగాలి, కారణం చూపాలి. రాసినవారు కావాలని రాశారని నేను అనను. బోదె తెల్లగా ఉంది, రోజుకు వందల చెట్లు లెక్కపెట్టాలి, నీలగిరి అని రాసి ముందుకు వెళ్లి ఉంటారు. కానీ ఆ ఒక్క పదం సరిచేయించడం మీ చేతిలో ఉన్న పని, వెంటనే చేయవలసిన పని.

న్యాయంగా చెప్పవలసిన మరో సంగతి కూడా ఉంది. చెరువు కట్ట మట్టికట్ట అయినప్పుడు, సరిగ్గా కట్ట మీద పెద్ద చెట్లు ఉండటాన్ని ఇంజనీర్లు ఇష్టపడరు. వేరు చచ్చి కుళ్లితే ఆ దారిన నీరు కారి కట్టకు గండి పడే ప్రమాదం ఉందన్నది వారి భయం, అది ఉత్త భయం కాదు. కట్ట మీదే ఉన్న చెట్టు గురించి అయితే నేను కూడా ఆలోచించి మాట్లాడేవాణ్ని. మీ చెట్టు కట్ట మీద లేదు. నీరు లోపలికి వచ్చే వైపు, కాలువ ఒడ్డున ఉంది. అక్కడ దాని వేళ్లు ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతున్నాయి. దాన్ని తీసేసి ఆ చోట రాతి గోడ కట్టడం అంటే, ఉచితంగా జరుగుతున్న పనికి డబ్బు ఖర్చు పెట్టడం. మీ అర్జీలో ఈ తేడాను తప్పక రాయండి. చెట్టును కాపాడండి అని మాత్రమే రాసిన కాగితం కంటే, చెట్టు ఎక్కడ ఉందో, అక్కడ ఏం చేస్తోందో చెప్పే కాగితానికి విలువ ఎక్కువ.

అర్జీ నగర పాలక అటవీ విభాగంలోని వృక్షాధికారి పేరుమీద ఇవ్వండి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. చెరువు పనులు చూస్తున్న ఇంజనీరుకు కూడా ఒక ప్రతి ఇవ్వండి. పేరును కన్నడంలో హొళెమత్తి అని, దాని పక్కనే టెర్మినేలియా అర్జున అని రాయండి. బోదె మీది ఎర్ర అంకెను తప్పకుండా పేర్కొనండి, లేకపోతే ఏ చెట్టో తెలియదని కాగితం పక్కన పెడతారు. చుట్టుకొలత కూడా కావాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి కొలుస్తారు. మీ చెట్టు మొదలు ఉబ్బులు ఆ ఎత్తు దాకా వచ్చినట్టు ఫోటోలో కనిపిస్తోంది. అలాంటప్పుడు ఉబ్బులు ముగిసి బోదె గుండ్రబడిన చోట కొలిచి, ఏ ఎత్తులో కొలిచారో పక్కన రాయండి. కాలువ ఒడ్డు నుంచి, కట్ట నుంచి చెట్టు ఎంత దూరంలో ఉందో కూడా అదే టేపుతో కొలవండి.

ఫోటోలు నాలుగు చాలు. కాలువతో సహా చెట్టు మొత్తం ఒకటి, ఎర్ర అంకె కనిపించేలా బోదె ఒకటి, ఆకు అడుగు వైపు తొడిమ దగ్గరి బుడిపెలు ఒకటి, పక్కన స్కేలు పెట్టి రెక్క మీది వంపు గీతలు కనిపించేలా కాయ ఒకటి. కాయ ఫోటోను ఉదయం ఎండలో, తెల్ల కాగితం మీద పెట్టి తీయండి, మధ్యాహ్నపు నిటారు వెలుగులో గీతలు పడవు. ఓ నాలుగైదు కాయలు కవరులో వేసి అర్జీకి జతచేయండి కూడా. తీసిన ఫోటోలు ఇక్కడ పెడితే నేను చూసి, అర్జీలో గుర్తింపు గురించి రాయవలసిన నాలుగు వాక్యాలు రాసి ఇస్తాను. పనులు ఎప్పుడు మొదలవుతాయో మీరు చెప్పలేదు. అది ముందు కనుక్కోండి, వారంలోపే అయితే ఫోటోల కోసం ఆగకుండా రేపే కాగితం ఇచ్చి, ఫోటోలు తరువాత జతచేయండి.